చినాంపా

చినాంపా అనగా లోతు తక్కువగా ఉన్న సరస్సులో మట్టి పోసి ఎత్తుగా కట్టిన సాగుమడి. మెక్సికో నగరానికి దక్షిణాన గల సోచిమిల్కోలో ఇవి నేటికీ ఉన్నాయి. అజ్టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్‌కు ఆహారంలో చాలా భాగం ఇటువంటి మడుల నుండే అందేది. వీటిని "తేలే తోటలు" అనడం వాడుకలో ఉన్నది కానీ సరికాదు. మడి సరస్సు అడుగునే ఆనుకొని ఉంటుంది.

చుట్టూ కాలువలు వదిలి, నీటిమొక్కలను, అడుగుబురదను పొరలు పొరలుగా వేసి మడిని నీటిమట్టం కంటే ఎత్తు చేస్తారు. గట్లు కోసుకుపోకుండా అహువెహోతే అనే విల్లో జాతి చెట్లు నాటుతారు. కాలువ నీరు పక్కల నుండి ఊరి వేళ్ళకు తేమనిస్తుంది.

సాగు

లెట్యూస్, ముల్లంగి, కొత్తిమీర, పాలకూర పండిస్తారు. తెలుగువారు గంగవాయిలి కూర అనే ఆకుకూర కూడా ఇక్కడ పంటయే. నారు పోసే తీరు ప్రత్యేకమైనది. కాలువ బురదను పరచి, కొంత ఆరిన పిమ్మట చిన్న చదరాలుగా కోసి, ఒక్కొక్క దానిలో గుంట చేసి విత్తనం వేస్తారు. ఈ చదరాన్ని చాపిన్ అంటారు. మొలకను చాపిన్‌తో సహా మడిలో నాటడం వలన వేళ్ళు తెగవు.

ప్రస్తుత స్థితి

సోచిమిల్కోను 1987లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే నగర అవసరాలకు భూగర్భజలాన్ని తోడినందువలన 20వ శతాబ్దంలో ఇక్కడి ఊటలు ఎండిపోయాయి. కాలువలకు శుద్ధి చేసిన మురుగునీటిని వదులుతున్నారు. పచ్చిగా తినే ఆకులకు ఇది చిన్న సమస్య కాదు. అనేక మడులలో కూరలకు బదులు పూలమొక్కలు పెరుగుతున్నాయి, కొన్ని ఫుట్‌బాల్ మైదానాలుగా మారాయి. ఈ కాలువలే చివరి సహజ ఆవాసమైన ఆక్సోలాటల్ అనే ఉభయచరం అంతరించే దశలో ఉన్నది.