పాట పేరు ఎవరి సొత్తు?

పాటకు కాపీరైటు ఉంటుంది, పాట పేరుకు ఉండదు. పాటల మీద, సినిమా పేర్ల మీద, మేళాల పేర్ల మీద వచ్చే తగాదాలు చాలావరకు ఈ తేడా దగ్గరే మొదలవుతాయి. కాపీరైటు చట్టం కాపాడేది రచనను. రెండు మూడు మాటల పేరును అది రచనగా లెక్కపెట్టదు. పేరుకు రక్షణ కావాలంటే ట్రేడ్‌మార్కు చట్టం వైపు వెళ్ళాలి. అక్కడ అడిగే ప్రశ్న వేరు: ఆ పేరు చెవిన పడగానే జనానికి ఎవరు గుర్తొస్తున్నారు?

ఈ సంగతి తేల్చిన పాత తీర్పు ఒక పాట పేరు మీదే వచ్చింది. ‘మాంటీ కార్లో జూదశాలను దివాలా తీయించిన మనిషి’ అన్న పేరుతో 1890లలో లండన్ రంగస్థలాల మీద ఒక హాస్యగీతం మారుమోగింది. అదే పేరుతో 1935లో ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ సినిమా తీసింది. పాట ప్రచురణకర్తలైన ఫ్రాన్సిస్, డే అండ్ హంటర్ కెనడాలో దావా వేశారు. అది ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. సినిమాలో పాట లేదు, పాటలోని కథా లేదు, వాడుకున్నది పేరు ఒక్కటే. దానికి కాపీరైటు లేదని 1939లో తీర్పు వచ్చింది. ఆ ప్రివీ కౌన్సిల్ మనకూ పరాయిది కాదు: నెల్లూరు జిల్లా అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆ జిల్లాలోని కొడవలూరు రైతు భూమి వ్యాజ్యమైనా మద్రాసు హైకోర్టు దాటి పైకి పోవాలంటే ఆఖరి మెట్టు లండన్‌లోని ఈ ప్రివీ కౌన్సిలే. ఆ తీర్పు నేటికీ పాతబడలేదు. ‘దేశీ బాయ్జ్’ అనే హిందీ సినిమా పేరు తనదని ఒక కథారచయిత వాదించినప్పుడు, 2015లో సుప్రీంకోర్టు దాన్ని ఉదహరించే ఆయన ఫిర్యాదును కొట్టేసింది.

తెలుగు రంగస్థలంలో పేరు కోర్టుకెక్కిన వస్తువు కాదు, పంచుకున్న వస్తువు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచక వధ’ ఆడించాడు. ఆ కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు చీలాయి. చీలిన ప్రతి సమాజమూ తనకొక దేవుడి పేరో దేవత పేరో పెట్టుకుంది, పక్కన సురభి అన్న మాటను మాత్రం వదల్లేదు. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి అంటే చాలామందికి తెలియకపోవచ్చు, సురభి వారంటే అందరికీ తెలుసు. ఇప్పటి వకీలు చూస్తే అది ఉమ్మడి ట్రేడ్‌మార్కు అంటాడు. వాళ్ళకు మాత్రం అది ఇంటిపేరు లాంటిది. అన్నదమ్ములు వేరుపడితే ఇంటిపేరు ఒకరికే దక్కాలని ఎవరూ పట్టుపట్టరు.

తొలి టాకీల కాలంలోనూ కథలు ఉమ్మడివే. 1936లో రెండు సంస్థలు పోటాపోటీగా ద్రౌపది కథనే తీశాయి. ఒకటి ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’, రెండోది బళ్ళారి రాఘవ నటించిన ‘ద్రౌపదీ మానసంరక్షణం’. భారతం ఎవరి సొత్తూ కాదు కాబట్టి పోటీ అంతా థియేటర్ల దగ్గరే తేలింది.

ఒక పేరు ఎంత దూరం ప్రయాణించగలదో చూడాలంటే ‘మాయాబజార్’ పాటలను మించిన ఉదాహరణ లేదు. 1957 మార్చిలో విడుదలైన ఆ విజయా వారి సినిమాకు మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావువి. ముప్ఫై ఏళ్ళ తర్వాత జంధ్యాల ఆ పాటల పల్లవులను వరసగా తన సినిమాలకు పేర్లుగా పెట్టుకున్నాడు: 1987లో ‘అహ నా పెళ్ళంట’, 1988లో ‘వివాహ భోజనంబు’, ‘చూపులు కలసిన శుభవేళ’. 2002లో వై.వి.ఎస్. చౌదరి ‘లాహిరి లాహిరి లాహిరిలో’ తీశాడు. ఒకే సినిమా పాటల్లోంచి నాలుగు సినిమాల పేర్లు వచ్చాయన్నమాట. ప్రేక్షకుడు హాల్లోకి అడుగుపెట్టకముందే ఆ పేరు వెంట ఒక పాత నవ్వు వచ్చి కూర్చునేది. జంధ్యాల ఊరికే తీసుకున్నది అదే, చట్టం ఊరికే తీసుకోనిచ్చేదీ అదే.

‘వివాహ భోజనంబు’ అనే ఘటోత్కచుడి విందు పాటకైతే వెనక ఇంకా చరిత్ర ఉంది. సినిమాకంటే ముందే సురభి వారి నాటకంలో ఆ పాట ఉండేదని, దాని నవ్వుల వరసకు పాత గ్రామఫోను రికార్డులతో చుట్టరికం ఉందని సినీ చరిత్రకారులు రాశారు. అది నాటకం నుంచి సినిమాకు వచ్చింది, సినిమా పాట మరో సినిమాకు పేరైంది, 2021లో ఇంకో సినిమా అదే పేరుతో వచ్చింది. హైదరాబాదులో సినీనటుడు సందీప్ కిషన్ భాగస్వామిగా ఉన్న భోజనశాలలకూ అదే పేరు. ట్రేడ్‌మార్కు రిజిస్టరులో వినోదం 41వ తరగతి, భోజనశాల 43వ తరగతి. ఒక పేరు రెండు తరగతుల్లో ఇద్దరి దగ్గర ఉన్నా, జనం పొరబడనంతవరకు తగాదాకు చోటులేదు.

పేరు సంగతి ఇలా ఉంటే లోపలి సరుకు లెక్క వేరు. మన చట్టం ప్రకారం సినిమాకు విడుదలైన ఏడాది పోను 60 ఏళ్ళు, రచనకు రచయిత పోయిన ఏడాది పోను 60 ఏళ్ళు రక్షణ. ‘మాయాబజార్’ సినిమాగా 2017 చివరితో ఆ గడువు దాటేసింది. పింగళి 1971లో కన్నుమూశారు కాబట్టి ఆయన మాటలకు 2031 చివరిదాకా గడువుంది.

కోర్టులో నిలిచే హక్కు లేనిచోట కులకట్టు లాంటి కట్టుబాటు పుట్టింది. నిర్మాత తన సినిమా పేరును ఫిలిం ఛాంబరులో నమోదు చేసుకుంటాడు, అదే పేరు మరో సభ్యుడికి ఇవ్వరు. ఇది సభ్యుల మధ్య మర్యాదే తప్ప చట్టం ఇచ్చిన పట్టా కాదు. పేరు మీద తకరారు వచ్చినప్పుడు తెలుగు పరిశ్రమ ఒక సొంత విరుగుడు కనిపెట్టింది: పేరుకు ముందు హీరో పేరు తగిలించడం. 2010లో ‘కత్తి’ కాస్తా ‘కళ్యాణ్‌రామ్ కత్తి’ అయింది, ‘ఖలేజా’ ‘మహేష్ ఖలేజా’ అయింది. 2019లో ‘గ్యాంగ్ లీడర్’ ‘నాని’స్ గ్యాంగ్ లీడర్’గా విడుదలైంది. పోస్టరు మీద ఆ అదనపు మాట చిన్న అక్షరాల్లో ఒక మూల ఉంటుంది. టికెట్ కొనేవాడు దాన్ని పట్టించుకోడు, వకీలు మాత్రం ముందు దాన్నే చూస్తాడు.

కోర్టుకెళ్ళినవాళ్ళకు ఒకే రకం జవాబు దొరకలేదు. రామ్‌గోపాల్ వర్మ రెండు అనుభవాలే చాలు. 2007లో ఆయన ‘నిశ్శబ్ద్’ తీసినప్పుడు, ఆ పేరుతో ముందే సినిమా తీసిన కానుంగో మీడియా ఢిల్లీ హైకోర్టుకెక్కింది. ఆ పాత సినిమా పేరు జనంలో అంతగా నాటుకుందని తేలలేదు, కోర్టు వర్మను ఆపలేదు. అదే ఏడాది వచ్చిన ‘రామ్‌గోపాల్ వర్మ కీ ఆగ్’ మీద మాత్రం ‘షోలే’ హక్కుదారులు గెలిచారు, 2015లో అదే కోర్టు రూ.10 లక్షల జరిమానా వేసింది. అక్కడ పేరుతోపాటు పాత్రలూ కథా కూడా లెక్కకొచ్చాయి. ‘షోలే’ అంటే ఏమిటో పల్లెటూరి పిల్లవాడికీ తెలుసు. ఆ తెలియడమే సాక్ష్యం.

మేళాల పేర్లకు ఈ రక్షణ మరీ ఆలస్యంగా వచ్చింది. మన దేశంలో ట్రేడ్‌మార్కు చట్టం 1940లో మొదలైంది, 1958లో మరొకటి వచ్చింది. రెండూ సరుకుల గుర్తులకే: సబ్బు, బీడీ, అగ్గిపెట్టె. పాటకచేరి సరుకు కాదు, సేవ. సేవల పేర్లు నమోదు చేసే వీలు 1999 చట్టంతో వచ్చింది, అది అమల్లోకి వచ్చింది 2003 సెప్టెంబరు 15న. అంతవరకు ఒక ఆర్కెస్ట్రా పేరును పక్కవాడు వాడుకుంటే, తన పేరు చూపించి జనాన్ని మోసం చేస్తున్నాడని సివిలు దావా వేయడం ఒక్కటే దారి. ఇంగ్లండులో బీటిల్స్ బృందానికి చెందిన ఆపిల్ కోర్, ఆపిల్ కంప్యూటర్ మీద 1978లో మొదలుపెట్టిన పేరు తగాదా 2007 దాకా సాగింది. అంత ఓపికా అంత డబ్బూ ఊరి మేళానికి ఎక్కడివి?

కొడవలూరు చుట్టుపక్కల తిరునాళ్ళకు వచ్చే ఆర్కెస్ట్రాను దగ్గరగా చూస్తే ఈ చట్టం ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. వేదిక వెనక ఫ్లెక్సీ, దాని మీద గాయకుల ఫోటోలు, పైన మేళం పేరు, కింద సెల్ నంబరు. కీబోర్డు, ప్యాడ్లు, తబలా, ఇద్దరు గాయకులు, ఒక గాయని, మధ్యమధ్య జోకులేసే వ్యాఖ్యాత. బయానా తీసుకునేది ఆ పేరు మీదే. అలాంటి పేర్లలో స్వర, రాగ, మెలోడీ లాంటి మాటలే ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది: చేసే పనిని వర్ణించే మాటను ఒక్కరి సొత్తు చేయడానికి ట్రేడ్‌మార్కు చట్టం ఒప్పుకోదు. పెద్ద గాయకుడి పేరు పెట్టుకున్నా గట్టి హక్కు రాదు, పైగా ఆ కుటుంబం అభ్యంతరం చెప్పవచ్చు.

పేరు సరే, పాడే పాట మాటేమిటి? కాపీరైటు చట్టం 52వ సెక్షన్ ఇక్కడ ఉదారంగానే ఉంది. మతపరమైన వేడుకలో, పెళ్ళి ఊరేగింపులో, పెళ్ళికి సంబంధించిన సందడిలో పాడితే ఉల్లంఘన కాదు. టికెట్ పెట్టిన సంగీత విభావరికి మాత్రం అనుమతి కావాలి. రచయితలు, సంగీత దర్శకుల తరఫున ఆ రుసుము వసూలు చేసేది 1969లో ఏర్పడిన ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీ. సినిమాకు డబ్బు తీసుకుని పాట కట్టాక హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు ఆ సొసైటీకి వ్యతిరేకంగా చెప్పింది. 2012 సవరణతో కవికీ స్వరకర్తకూ రాయల్టీ వాటా వదులుకోలేని హక్కు అయింది.

ఈ చిక్కు జనానికి తెలిసివచ్చింది నెల్లూరు బిడ్డ వల్లే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం తండ్రి సాంబమూర్తి నెల్లూరులో హరికథలు చెప్పేవారు. బాలు సినీరంగ ప్రవేశానికి 50 ఏళ్ళయిన సందర్భంగా 2016లో కొడుకు చరణ్, గాయని చిత్రతో కలిసి విదేశీ కచేరీలు మొదలుపెట్టారు. 2017 మార్చిలో అమెరికాలో సియాటిల్, లాస్ ఏంజెలస్ కచేరీలు అయ్యాక, తన పాటలు అనుమతి లేకుండా పాడవద్దని ఇళయరాజా వకీలు నోటీసు పంపారు. అలాంటి చట్టముందని తనకు తెలియదని, ఉంటే కట్టుబడతానని బాలు ఫేస్‌బుక్కులో రాశారు. మిగతా కచేరీల్లో ఇళయరాజా పాటలు వదిలేసి వేరేవి పాడారు.

అభిమానులకు అది మింగుడుపడలేదు. 1960ల మద్రాసులో బాలు నడిపిన పాటల బృందంలో ఇళయరాజా సోదరులు వాద్యగాళ్ళు. ‘సాగర సంగమం’, ‘రుద్రవీణ’ పాటలకు బాలుకు జాతీయ పురస్కారాలు వచ్చాయి, రెండింటికీ సంగీతం ఇళయరాజాదే. ఆ పాటలు ఆయన నోట రాకూడదంటే ఎలా అని కోపం. స్నేహం సంగతి అలా ఉంచితే చట్టం దృష్టిలో నోటీసు అర్థంలేనిది కాదు. గాయకుడికి తన ప్రదర్శన మీద హక్కుంది, అదీ 1994 సవరణతో వచ్చింది. వరస మీద లేదు. అయితే 2012కు ముందరి పాటల్లో నిర్మాత వాటా ఎంత, స్వరకర్త వాటా ఎంత అన్నది ఒప్పందాన్ని బట్టి పోతుంది. అసలు అనుమతి తెచ్చుకోవలసింది గాయకుడా, కచేరి పెట్టినవాడా అన్న ప్రశ్న కూడా మిగిలింది. ఆ జంట విషయంలో అది కోర్టులో తేలనక్కరలేకపోయింది. 2019 జూన్ 2న చెన్నైలో ఇళయరాజా పుట్టినరోజు కచేరీలో బాలు మళ్ళీ పాడారు.

జానపదంలో తగవు ఇంకో రకం. 2021లో ‘లవ్ స్టోరీ’ సినిమాలో ‘సారంగ దరియా’ పాట వచ్చినప్పుడు, దాన్ని ఊళ్ళో సేకరించి టీవీలో పాడిన జానపద గాయని తనకు గుర్తింపు ఏదని అడిగారు. పాట మూలకర్త తెలియనప్పుడు సినీకవి కొత్తగా చేర్చిన చరణాలకే కాపీరైటు వస్తుంది, పల్లవి ఊరిదే. సేకరించినవాళ్ళ శ్రమకు చట్టంలో పేరులేదు. ఇది చట్టంలో ఉన్న నిజమైన లోపం. ఆ పేచీ మాటల మీదే సర్దుకుంది.

బాలు 2020 సెప్టెంబరు 25న మరణించారు. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం నెల్లూరు సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టింది. ఆ తర్వాత తగాదా పేరును, పాటను దాటి గొంతు మీదికి వచ్చింది. 2023 నవంబరులో విడుదలైన ‘కీడా కోలా’లో కృత్రిమ మేధతో బాలు గొంతును పుట్టించి వాడారని, తమ అనుమతి తీసుకోలేదని చరణ్ నోటీసు పంపారు. క్షమాపణ, కోటి రూపాయల పరిహారం అడిగినట్టు 2024 మొదట్లో పత్రికల్లో వచ్చింది. గొంతును రచనగా, పేరుగా చూసే సెక్షన్ మన కాపీరైటు చట్టంలో లేదు.

మేళం పేరు నమోదు చేసుకోదలచినవాళ్ళు ముందు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ వెబ్‌సైటులో 41వ తరగతిలో ఆ పేరు ఎవరిదైనా ఉందేమో వెతుక్కోవాలి. ఒక మనిషి పేరు మీద ఆన్‌లైన్ దరఖాస్తుకు తరగతికి రూ.4,500 రుసుము, నమోదు పదేళ్ళకోసారి తిరగరాసుకోవాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తం చెన్నై రిజిస్ట్రీ పరిధిలోకే వస్తుంది కాబట్టి కొడవలూరు మేళం కాగితాలు ఇప్పటికీ మద్రాసుకే పోతాయి.