అరకు కొండల్లో నడివయసు రక్తపోటు

గుండె పంపే రక్తం ధమనుల గోడల మీద కలిగించే ఒత్తిడిని రక్తపోటు అంటారు. విశ్రాంతిగా ఉన్న మనిషికి వేర్వేరు రోజుల్లో కొలిచినప్పుడు పై అంకె 140, కింది అంకె 90 లేదా అంతకు మించి ఉంటే అది అధిక రక్తపోటు. రెండింటిలో ఏ ఒక్కటి పెరిగినా చాలు. నలభై దాటాక ధమనులు బిరుసెక్కుతాయి, ఉప్పును బయటికి పంపే శక్తి మూత్రపిండాలకు తగ్గుతుంది. స్త్రీలకు ముట్లు ఆగిపోయాక ముప్పు మరింత పెరుగుతుంది.

కొండలెక్కి దిగేవాళ్లకు బీపీ రాదన్న నమ్మకం మైదానంలో ఇప్పటికీ వినిపిస్తుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2007-08లో ఆంధ్రప్రదేశ్ సహా తొమ్మిది రాష్ట్రాల గిరిజన ప్రాంతాల్లో జరిపించిన సర్వేలో పెద్దవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి అధిక రక్తపోటు కనిపించింది. పోడు సాగు, కట్టెల మోత ఒంటిని సన్నగా ఉంచుతాయి, నిజమే. సంతలో కొన్న ఎండుచేపల ఉప్పును, చుట్టను, సారాను అవి రద్దు చేయలేవు. ఉప్పు దాదాపు ఎరగని అమెజాన్ యానోమామి తెగలో వయసుతో పాటు రక్తపోటు పెరగదని 1988లో వెలువడిన ఇంటర్‌సాల్ట్ అధ్యయనం చూపింది. అరకు, డుంబ్రిగుడ, ముంచంగిపుట్టు గూడేలకు ఉప్పు సంతల ద్వారా ఏనాడో చేరింది.

కొలవడంలో పొరపాట్లు ఎక్కువ. గుట్ట ఎక్కి ఆరోగ్య కేంద్రానికి వచ్చిన మనిషిని కనీసం ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. అంతకు ముందు అరగంటలో చుట్ట కాల్చకూడదు, కాఫీ తాగకూడదు (కాఫీ తోటల సీమలో ఈ రెండో నియమం కాస్త కష్టమే). సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే అంకె తక్కువ చూపి జబ్బు దాగిపోతుంది.

చికిత్సలో మొదటిది ఉప్పు తగ్గించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన రోజుకు 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. అంబలిలో, కూరలో, పచ్చడిలో వేసేదంతా ఇందులోకే వస్తుంది. తక్కువ వాడినా అది అయోడిన్ కలిపిన ఉప్పే కావాలి, కొండ నేలల్లో ఆ లోపం ఉంటుంది కనుక. మందుల్లో ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ముఖ్యమైనవి. మొదటిదానితో కొందరికి పాదాలు వాస్తాయి; రెండోది గర్భిణులు వాడకూడదు.

అసలు చిక్కు మందు ఆపేయడం దగ్గర వస్తుంది. బాధ ఏమీ లేని జబ్బుకు రోజూ మాత్ర ఎందుకన్న ప్రశ్న న్యాయంగానే తోస్తుంది. అంకె తగ్గింది ఆ మాత్ర వల్లేనని ఆశా కార్యకర్త నెలనెలా చెప్పాల్సి వస్తుంది. వానాకాలంలో గెడ్డలు పొంగి దారులు తెగుతాయి కాబట్టి కొండ మీది రోగికి నెలకు మించి మాత్రలు ఇవ్వడం మేలు. ఒళ్లు నొప్పులకు కొనే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు రక్తపోటును పెంచుతాయి. ఈ సంగతి అడిగితే తప్ప బయటపడదు.

మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పడిపోవడం అదుపు తప్పిన రక్తపోటు తెచ్చే పక్షవాతం గుర్తులు. మెదడులో గడ్డకట్టిందో, రక్తం చిమ్మిందో సీటీ స్కాన్‌తోనే తేలుతుంది. గడ్డను కరిగించే మందు సాధారణంగా గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. అరకు నుంచి విశాఖపట్నం సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ దారి. రోడ్డు లేని గూడెంలో డోలీ మోసి 108 వాహనం దాకా చేర్చే సమయం కూడా ఆ గడువులోంచే పోతుంది.