కూపన్ల కాలంలో పెళ్లి గౌను

1941 జూన్ 1, ఆదివారం. బ్రిటన్‌లో బట్టల దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. వాణిజ్య మంత్రి ఆలివర్ లిటిల్టన్ ఆ రోజును ఎంచుకున్నది అందుకే. ఇకపై బట్టలు కూడా రేషన్ మీదే అని ఆయన రేడియోలో ప్రకటించారు. ముందే పొక్కితే జనం దుకాణాల మీద పడి ఊడ్చుకుపోతారని ప్రభుత్వం భయపడింది. సంగతిని ఎంత గుట్టుగా ఉంచారంటే, మొదట్లో బట్టలకు వేరే కూపన్ల పుస్తకం కూడా పంచలేదు. ఆహార రేషన్ పుస్తకంలో మిగిలిపోయిన మార్జరిన్ కూపన్లు చింపి ఇమ్మన్నారు.

పెద్దవాళ్లకు మనిషికి ఏడాదికి 66 కూపన్లు. దుకాణంలో ధర ఎలాగూ చెల్లించాలి, దాని మీద కూపన్లూ ఇవ్వాలి. ఉన్ని గౌనుకు 11, మరో బట్టతో కుట్టిన గౌనుకు 7. ఆడవాళ్ల బూట్ల జతకు 5, మేజోళ్లకు 2. గుడ్డ తెచ్చుకుని ఇంట్లోనే కుట్టుకుందామంటే, గజం పన్నా ఉన్న బట్టకు గజానికి 2, ఉన్నిదైతే 3. నేల మీద జీరాడే పెళ్లి గౌనుకు ఎనిమిది గజాలు పట్టిందనుకోండి, గుడ్డకే 16 కూపన్లు. లోపల వేసుకునే లంగా, బూట్లు, మేజోళ్లు, కొత్త కాపురానికి నాలుగు జతల బట్టలు ఇంకా మిగిలే ఉంటాయి. తర్వాతి ఏళ్లలో ఆ 66 కూడా తగ్గుతూ వచ్చాయి.

మన తాతల తరానికి ఈ తిప్పలు తెలియనివి కావు. 1943 జూన్‌లో ఇక్కడి ప్రభుత్వమూ నూలు మీద, నూలు బట్టల మీద కంట్రోలు పెట్టింది. ఇంట్లో పెళ్లి పెట్టుకుని మధుపర్కాలకు, పెట్టుబడి బట్టలకు కంట్రోలు షాపు చుట్టూ తిరగడం ఎలాంటిదో ఆ రోజులు చూసినవాళ్లు చెప్పగా విన్న కుటుంబాలు తెలుగునాట ఇప్పటికీ ఉన్నాయి.

బ్రిటన్‌లో పెళ్లికూతురు తెల్ల గౌను వేసుకోవడం అనాదిగా వస్తున్న ఆచారమేమీ కాదు. ఉన్నవాటిలో మంచి గౌను, ఏ రంగుదైనా సరే, వేసుకుని చర్చికి వెళ్లడమే మామూలు పద్ధతి. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్ల శాటిన్ గౌనుతో పెళ్లి చేసుకున్నాక అది ఫ్యాషనయింది. ఆ గౌనుకు కుట్టిన లేసు డెవన్ ప్రాంతంలోని బీర్ అనే చిన్న ఊళ్లో, ఆ చుట్టుపక్కల అల్లింది. రెండు వందల మందికి పైగా స్త్రీలు నెలల తరబడి ఆ పని మీదే కూర్చున్నారు. యంత్రాల లేసు వచ్చిపడి చేతి అల్లికకు గిరాకీ పోయిన కాలమది. వాళ్లకు పని చూపించాలన్నది రాణి ఉద్దేశం. రాణి ముచ్చట ముందు సంపన్నుల ఇళ్లలోకి, ఆ తర్వాత మధ్యతరగతిలోకి దిగింది. 1930ల నాటికి దుకాణంలో గుమాస్తాగా పనిచేసే అమ్మాయి కూడా కూలి డబ్బులు కూడబెట్టి తెల్ల గౌను కుట్టించుకోవాలని ఆశపడే స్థితి వచ్చింది.

అంతలో యుద్ధం వచ్చింది. పట్టు పారాచూట్లకు పోయింది. జపాన్ నుంచి వచ్చే సరుకు ఆగిపోయింది. 1942లో ప్రభుత్వం మరో అడుగు ముందుకు వేసి, కొత్తగా కుట్టే బట్టల్లో కుచ్చిళ్లు ఎన్ని ఉండాలో, గుండీలు ఎన్ని ఉండాలో కూడా నిర్ణయించింది. ఎంబ్రాయిడరీ కూడదంది.

ఒక్క పూట వేసుకునే గౌను కోసం ఇంత తాపత్రయమెందుకు అని ఆనాడూ అడిగినవాళ్లున్నారు, ఇవాళా అడగవచ్చు. నేను మాత్రం ఆ అమ్మాయిల పక్షమే. పెళ్లికొడుకుకు దొరికేది కొద్ది రోజుల సెలవు. ఆపైన అతను ఏ ఎడారికి పోతాడో, ఏ ఓడ ఎక్కుతాడో, తిరిగి వస్తాడో రాడో తెలియదు. పెళ్లికూతురు కూడా మందుగుండు ఫ్యాక్టరీలోనో, సైన్యం యూనిఫాంలోనో ఉంది. తనకంటూ ఏదీ ఎంచుకునే వీలు లేని ఆ బతుకులో ఒక రోజును తన ఇష్టప్రకారం గడపాలనుకోవడం ఆడంబరం కాదు. చాలామంది యూనిఫాంలోనే, లేదంటే తర్వాతా పనికొచ్చే మామూలు కోటు, స్కర్టు వేసుకునే పెళ్లి చేసుకున్నారు. గౌనే కావాలని పట్టుపట్టినవాళ్లు దాన్ని ఎలా సంపాదించారన్నది ఆ కాలపు అసలు చరిత్ర అని నాకనిపిస్తుంది.

మొదటి దారి అమ్మ పెట్టె. ఇరవయ్యేళ్ల కిందటి గౌను విప్పి, కొలతలు మార్చి మళ్లీ కుట్టడం. రెండోది కిటికీ పరదా. కిటికీలకు కట్టే లేసు గుడ్డ మొదట్లో రేషన్‌లో లేదు కనుక అది తలమీది ముసుగైంది, కొన్నిచోట్ల గౌనే అయింది. మూడోది అరువు. ఆ అరువుతో ఒక్కో గౌను వీధి మొత్తానికీ ఉమ్మడి ఆస్తి అయింది. యుద్ధానికి ముందు కుట్టిన గౌనులో కుచ్చిళ్ల మీద, గుండీల మీద ఆంక్షలు లేవు, మంచి పట్టు, చేతినిండా ఎంబ్రాయిడరీ. కొత్తగా ఏది కుట్టించినా దానికి సాటి రాదు. దాంతో అక్క గౌను చెల్లెలికి, చెల్లెలి నుంచి పక్కింటి పిల్లకు, ఆమె నుంచి ఫ్యాక్టరీలో తనతో పనిచేసే అమ్మాయికి చేరింది. ఒక్కొక్కరి కొలతకు తగ్గట్టు ఒకసారి టక్కులు పట్టి, ఇంకోసారి కుట్లు విప్పి లూజు వదిలారు. పొడవు అమ్మాయి వేసుకుంటే కింద మడిచిన అంచు దించారు, పొట్టి అమ్మాయి వేసుకుంటే మళ్లీ మడిచి టాకాలు వేశారు. ఎరువు సొమ్ము బరువు చేటని మన సామెత. అక్కడ ఆ రోజుల్లో ఎరువు గౌను ఎవరికీ చిన్నతనం కాలేదు.

సైన్యంలో ఉన్న అమ్మాయిలకు ఇంకో చిక్కు. ఇల్లు దూరం, అడిగి తెచ్చుకోవడానికి పక్కింటివాళ్లుండరు. నవలా రచయిత్రి బార్బరా కార్ట్‌లాండ్ అప్పట్లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లో సైనిక మహిళల బాగోగులు చూసేవారు. వాళ్ల కోసం సెకండ్‌హ్యాండ్ పెళ్లి గౌన్లు కొని, సైన్యం తరఫున అరువిచ్చే ఏర్పాటు చేయించారు. యుద్ధం ముగిసేసరికి అలా వెయ్యికి పైగా సేకరించానని ఆమె చెప్పుకునేవారు. అమెరికా అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ చొరవతో అక్కడి మహిళలు ఇచ్చిన గౌన్లు కూడా సముద్రం దాటి వచ్చి ఇలాగే చేతులు మారాయి.

పారాచూట్ గౌన్ల గురించి కథలు చాలా ఉన్నాయి. యుద్ధం నడుస్తుండగా పారాచూట్ గుడ్డ దాచుకోవడం నేరం. యుద్ధం ముగిశాకే మిగులు సరుకు పట్టు, నైలాన్ ముక్కల రూపంలో కూపన్లు అక్కర్లేకుండా దుకాణాలకు వచ్చింది. పారాచూట్‌ను పొడవాటి త్రికోణాకారపు ముక్కలు కలిపి కుడతారు. వాటిని విప్పితే ఒక్కోటి పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. అడ్డం తిరిగే అతుకులు కనబడకుండా, ఏటవాలు పోగును లాగకుండా దాంతో గౌను కత్తిరించడం అనుభవమున్న దర్జీకి కూడా సవాలే. ఇంట్లో పాత కుట్టు మిషన్ మీద ఆ పని చేసిన తల్లుల నేర్పరితనాన్ని ఆ గౌన్ల అతుకులు ఇప్పటికీ చెబుతాయి.

గౌను ఒక్కటి దొరికితే సరిపోదు కదా. కేకు ఉండాలి. 1940 ఆగస్టులోనే కేకు పైన పంచదార పూత పూయడాన్ని నిషేధించారు. బేకరీవాళ్లు మూడంతస్తుల కేకు ఆకారంలో అట్టతోనో, ప్లాస్టర్‌తోనో తొడుగులు చేయించి అద్దెకిచ్చారు. ఫొటోకు అది. తొడుగు ఎత్తితే లోపల చిన్న కేకు. దానికి కావాల్సిన వెన్న, పంచదార, ఎండుద్రాక్ష అత్తలూ పిన్నులూ ఇరుగుపొరుగూ తమ రేషన్‌లోంచి తలా కాస్త మిగిల్చి ఇచ్చినవే. వేలికి తొడిగే ఉంగరమూ తొమ్మిది క్యారెట్ల బంగారమే. పూలు పండే నేలల్లో కూరగాయలు వేయమన్నారు కనుక పూలగుత్తి కూడా పెరట్లో ఏది పూస్తే అదే.

యుద్ధం 1945లో ముగిసింది కానీ కూపన్లు పోలేదు. యుద్ధకాలంలో కూడా రేషన్ లేని రొట్టెకు 1946లో రేషన్ వచ్చింది. 1947 చలికాలంలో బొగ్గు లేక ఇళ్లు గడ్డకట్టాయి, ఆగస్టులో ఖజానాలో డాలర్లు అడుగంటాయి. ఆ ఏడాది జూలైలోనే యువరాణి ఎలిజబెత్‌కు ఫిలిప్‌తో పెళ్లి నిశ్చయమైంది.

రాజుగారి బిడ్డ అయినా గౌనుకు కూపన్లు కావాల్సిందే. ప్రభుత్వం ఆమెకు అదనంగా కొన్ని కూపన్లు ఇచ్చింది. ఇది తెలిసి దేశం నలుమూలల నుంచీ ఆడవాళ్లు తమ కూపన్లు చింపి కవర్లలో పెట్టి ప్యాలెస్‌కు పంపారు. ఒకరి కూపన్లు ఇంకొకరు వాడటం చట్టవిరుద్ధం కనుక అవన్నీ పంపినవాళ్లకే తిరిగి వెళ్లాయి. తమ ఇంట్లోనే చాలీచాలని కూపన్లున్నవాళ్లు అవి తీసి పంపడం భక్తి మాత్రమే అనుకోను. ఏ పెళ్లి పిల్లకైనా తలో చెయ్యి వేయడం ఆ ఆరేళ్లలో వాళ్లకు అలవాటైపోయింది.

గౌను కుట్టే పని లండన్ మేఫేర్‌లో దుకాణమున్న నార్మన్ హార్ట్‌నెల్‌కు దక్కింది. ఆగస్టులో నమూనా ఖాయమైతే పెళ్లి నవంబరు 20న. బోటిచెల్లి గీసిన ‘ప్రిమవెరా’ చిత్రంలోని పూల తీగల్ని ఆయన దంతపు రంగు శాటిన్ మీదికి తెచ్చారు. పదివేల చిన్న ముత్యాలు అమెరికా నుంచి తెప్పించారు. మూడు వందల యాభై మంది స్త్రీలు ఏడు వారాలు పనిచేశారు. పత్రికలవాళ్లు తొంగిచూడకుండా వర్క్‌షాపు కిటికీలు మూసేశారు, మేనేజరు రాత్రిళ్లు అక్కడే పడుకుని కాపలా కాశాడు. శాటిన్ నేసింది స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్ దగ్గరి మిల్లు. అయినా ఆ పట్టుపురుగులు ఏ దేశానివన్న ప్రశ్న లేచింది. నిన్నమొన్నటి దాకా శత్రువులైన జపాన్‌వా, ఇటలీవా? చైనావని హార్ట్‌నెల్ జవాబివ్వాల్సి వచ్చింది. కొడుకుల్ని పోగొట్టుకున్న ఇళ్లు వీధి వీధికీ ఉన్న దేశంలో ఆ ప్రశ్న సహజమే అంటాను.

కేకు తొమ్మిది అడుగుల ఎత్తు, నాలుగు అంతస్తులు. దినుసులు ఆస్ట్రేలియా గర్ల్ గైడ్స్ పంపారు, అందుకే పదివేల మైళ్ల కేకు అన్న పేరు వచ్చింది. తీరా పెళ్లి రోజు పొద్దున తలకు పెట్టుకోబోయిన కిరీటం విరిగింది. ఆస్థాన స్వర్ణకారుడు పోలీసుల రక్షణలో దాన్ని వర్క్‌షాపుకు పట్టుకెళ్లి అతికించి తెచ్చాడు. మెడలో వేసుకోవాల్సిన ముత్యాల హారాలు కానుకల ప్రదర్శనలో ఉండిపోతే కార్యదర్శి పరుగున వెళ్లి తెచ్చాడు. పూలగుత్తి ఎక్కడ పెట్టారో కాసేపు ఎవరికీ గుర్తు రాలేదు. ఎంత పెద్ద ఇంటి పెళ్లిలోనైనా ఆ గంటలో జరిగేది అదే.

కానుకలు రెండున్నర వేలు దాటాయి. గాంధీజీ తాను వడికిన నూలుతో అల్లించిన చిన్న వస్త్రం పంపారు, దాని మీద జైహింద్ అని ఉంది. వరుడి మేనమామ మౌంట్‌బాటెన్ అప్పుడు మన గవర్నర్ జనరల్. పెళ్లికి ఢిల్లీ నుంచి వెళ్లారు. పెళ్లికూతురి నాయనమ్మ మేరీ రాణి మాత్రం గాంధీజీ వస్త్రాన్ని గోచీ అనుకుని నొచ్చుకున్నారని చెబుతారు.

హైదరాబాద్ నుంచి వెళ్లిన కానుక తీరు వేరు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తానేదీ ఎంచి పంపలేదు. లండన్‌లోని కార్టియర్ నగల దుకాణానికి కబురు పెట్టి, యువరాణికి నచ్చింది ఆమెనే తీసుకోనివ్వమన్నారు. ఆమె ఒక వజ్రాల హారం, గులాబీ పూల పనితనమున్న కిరీటం ఎంచుకున్నారు. కిరీటాన్ని 1973లో విడదీసి మరో నగ చేయించారు. హారం నిజాం పేరుతోనే ఇప్పటికీ రాజకుటుంబంలో ఉంది. పెళ్లయిన తొమ్మిది రోజులకు, నవంబరు 29న, నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నారు. అప్పటికే తెలంగాణ పల్లెలు వెట్టి మీద తిరగబడి ఉన్నాయి. ఆ వెట్టిలో సాలెల వంతు కూడా ఉండేది, దొర గడీలో పనిచేసే వాళ్లకు బట్టలు కూలి లేకుండా నేసి ఇవ్వాలి. బ్రిటన్‌లో ఆడవాళ్లు ఇష్టపడి కూపన్లు చింపి పంపిన అదే ఏడాది, ఆ హారానికి డబ్బు కట్టిన రాజ్యంలో నేతగాడి శ్రమను బలవంతంగా లాక్కున్నారు. ఆ నగ గురించి రాసేటప్పుడు ఈ మాట వదిలేయడం న్యాయం కాదు.

పెళ్లి తర్వాత యువరాణి గౌనును సెయింట్ జేమ్స్ ప్యాలెస్‌లో ప్రదర్శనకు పెట్టారు. అక్కడి నుంచి బ్రిటన్‌లోని ఇతర నగరాలకూ తిప్పారు. చూడటానికి జనం బారులు తీరారు. అప్పటికింకా వాళ్లకు బట్టల కూపన్లు తప్పలేదు. 1949 మార్చి 15న వాణిజ్య మంత్రి హెరాల్డ్ విల్సన్ వాటిని ఎత్తేశారు. ఆ వసంతంలో పెళ్లి కుదిరిన అమ్మాయి డబ్బుంటే ఎన్ని గజాలైనా కొనుక్కోవచ్చు. కేకుకు పంచదార మాత్రం 1953 సెప్టెంబరు దాకా రేషన్ పుస్తకం మీదే తూచి ఇచ్చారు.