బాయ్‌కాట్: ఒక దొరగారి ఇంటిపేరు, మన ఊళ్ళ వెలి

పోయినవారం టీం లంచ్‌కి ఎక్కడికెళ్దాం అని మెయిళ్ళు తిరుగుతుంటే ఒకడు "ఆ బిర్యానీ సెంటర్ అయితే నేను బాయ్‌కాట్" అని రాశాడు. కింద ఇంకో ముగ్గురు ప్లస్ వన్‌లు కొట్టారు. నవ్వుకుని మెయిల్ మూసేశాను గానీ మాట మాత్రం బుర్రలో ఉండిపోయింది. మాది గుంటూరు వైపు. అక్కడ ఈ క్రియాపదానికి ఉన్న చరిత్ర బిర్యానీ కంటే చాలా ఘాటైనది.

ముందు అసలు బాయ్‌కాట్ ఎవరో చెప్పాలి. ఛార్లెస్ బాయ్‌కాట్ అనే ఇంగ్లీషు దొర ఐర్లాండులో మేయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే జమీందారుకి ఏజెంటు. మన భాషలో చెప్పాలంటే దివాను, శిస్తు వసూలు చేసి పెట్టే మనిషి. 1879లో పంటలు పోయాయి. 1880లో కౌలు తగ్గించమని రైతులు అడిగితే అడిగినంత తగ్గించకపోగా ఖాళీ చేయమని నోటీసులు పంపారు. అప్పటికి కొద్దిరోజుల ముందే పార్నెల్ అనే ఐరిష్ నాయకుడు ఎన్నిస్ అనే ఊళ్ళో సభ పెట్టి, ఎవరినీ కొట్టొద్దు, చంపొద్దు, రైతుని వెళ్ళగొట్టిన భూమిని తీసుకున్నవాడితో మాట్లాడటం మానెయ్యండి చాలు అన్నాడు. మేయో జనం దాన్ని దొరగారి మీదే ప్రయోగించారు. పొలంలో కూలీలు రారు. ఇంట్లో పనివాళ్ళు వెళ్ళిపోయారు. బట్టలు ఉతికేవాళ్ళు లేరు, కమ్మరి రాడు, కొట్లో సరుకు ఇవ్వరు, ఉత్తరాలు తెచ్చే కుర్రాడు కూడా మానేశాడు.

చివరికి ఉత్తరాది నుంచి 50 మంది వాలంటీర్లు పంట కోయడానికి వచ్చారు. వాళ్ళ కాపలాకి సుమారు వెయ్యిమంది సైనికులు, పోలీసులు. దాదాపు 500 పౌన్ల పంటని కాపాడటానికి 10,000 పౌన్ల దాకా ఖర్చయిందని లెక్క తేల్చారు. డిసెంబరు వచ్చేసరికి దొరగారు ఐర్లాండు వదిలి వెళ్ళిపోయారు.

ఆ పనికి పేరు పెట్టింది ఊరి ఫాదర్ జాన్ ఓమాలీ అంటారు. ఆస్ట్రసైజ్ అనే గ్రీకు మాట రైతుల నోటికి తిరగదు, దొర పేరే క్రియగా వాడేద్దాం అన్నాడట. ఆ ఏడాది పూర్తి కాకముందే లండన్ పత్రికలు ఆ మాట వాడేశాయి. తర్వాత ఫ్రెంచి, జర్మన్, రష్యన్, జపనీసు, అన్నిట్లోకీ వెళ్ళింది. ఇంగ్లీషులో చిన్న అక్షరంతో రాయడం మొదలయ్యాక అది మనిషి పేరని కూడా మర్చిపోయారు. (మన లిపిలో ఆ ఇబ్బంది లేదు, పెద్ద అక్షరాలే లేవు కదా.)

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పని మనుషులు రారు, చాకలి రాడు, మంగలి రాడు, నిప్పూ నీళ్ళూ లేవు - ఇది మనకి కొత్తా? మన ఊళ్ళలో దీని పేరు వెలి. వెలి అంటే బయట. కుల పంచాయితీ తీర్పుతో ఒక ఇంటిని వెలివేసేవాళ్ళు. ఇక ఊరికి బయట ఉన్న పేటకి పేరే వెలివాడ. అంటే ఐర్లాండువాళ్ళు కనిపెట్టింది క్రియని కాదు. ఫంక్షన్ పాతదే, ఆర్గ్యుమెంట్లు తిరగేశారు. మన దగ్గర పైవాడు కిందివాడికి చేసేదాన్ని అక్కడ కిందివాళ్ళు పైవాడికి చేశారు.

ఆ తిరగేసిన అర్థంతోనే మాట మన దేశానికి వచ్చింది. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్ సభలో విదేశీ వస్తువుల బాయ్‌కాట్ తీర్మానం చేశారు. 1907లో బిపిన్ చంద్రపాల్ మన కోస్తా పట్టణాలన్నీ తిరిగి అదే చెప్పాడు. కానీ అసలు మజా 1921లో చీరాలలో. (అప్పట్లో చీరాల గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. ఊరు కదల్లేదు, జిల్లాలే కదిలాయి.) చీరాల, పేరాల ఊళ్ళని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు ఎన్నోరెట్లు పెంచారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం పన్ను కట్టం అనడమే కాదు, ఊరే ఖాళీ చేశారు. సుమారు పదిహేను వేల జనాభాలో ఎక్కువమంది మునిసిపాలిటీ హద్దు దాటి రామ్‌నగర్ అనే పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలల పాటు ఎండకీ వానకీ ఓర్చుకున్నారు. వస్తువుని కాదు, మనిషిని కాదు, మునిసిపాలిటీనే బాయ్‌కాట్ చేశారన్నమాట.

1922 జనవరిలో పెదనందిపాడు ఫిర్కా. ఇప్పుడు పత్తి, మిరప కనిపించే నల్లరేగడి నేల. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు ఆపేశారు, గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు. సర్కారు పశువుల్ని జప్తు చేసి వేలం పెడితే పాట పాడేవాడు లేడు. ఐర్లాండులో దొరగారి పంట కోసేవాడు లేనట్టే. చౌరీచౌరా తర్వాత ఫిబ్రవరిలో గాంధీ ఉద్యమం ఆపేశాడు, పెదనందిపాడు కూడా ఆగింది. ఆ రోజుల్లోనే గాంధీ ఇంకో మాట కూడా రాశాడు: మనతో కలవనివాడికి బావి నీళ్ళు ఆపడం, వైద్యుణ్ణి రానివ్వకపోవడం హింసే అని. అంటే ఆ పనిముట్టుకి రెండో అంచు ఉందని ఆయనకి తెలుసు.

అంబేద్కర్‌కి ఇంకా బాగా తెలుసు, ఎందుకంటే ఆయన చూసింది ఆ రెండో అంచునే. హక్కు అడిగిన దళితుణ్ణి కొట్టక్కర్లేదు, పనికి పిలవకపోతే చాలు. రౌండ్ టేబుల్ సమావేశాలప్పుడు బాయ్‌కాట్‌ని నేరం చేయాలని ఆయన డిమాండ్ పెట్టాడు. దాని ముసాయిదాకి ఆయన వాడుకున్నది బర్మా యాంటీ బాయ్‌కాట్ చట్టం, 1922. అది తెల్లవాళ్ళు బర్మా జాతీయవాదుల్ని అణచడానికి చేసిన చట్టం! మనం రోజూ చేసే కాపీ పేస్ట్‌లో ఇంత తెలివైనది నేను ఇంకోటి చూళ్ళేదు.

ఆయన ఎందుకు అడిగాడో గుంటూరు జిల్లా అరవయ్యేళ్ళ తర్వాత చూపించింది. 1991 జులైలో చుండూరు సినిమా హాల్లో కాలు తగిలిందని గొడవ. తర్వాత దళితుల్ని పొలం పనులకి పిలవడం ఆపేశారు. సాంఘిక బహిష్కరణ అని పేపర్లు రాసింది దీన్నే. భూమి ఉన్నవాడు శిస్తు ఆపితే సర్కారుకి నొప్పి, భూమి ఉన్నవాడు కూలి ఆపితే ఆ పూట పొయ్యి వెలగదు. క్రియ ఒకటే. నెల తిరగ్గానే ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేశారు. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లోనే వచ్చినా, సాంఘిక, ఆర్థిక బహిష్కరణ అనే మాటల్ని అందులో నిర్వచించి నేరంగా చేర్చింది 2015 సవరణ. అమల్లోకి వచ్చింది 2016 జనవరి 26న. సరిగ్గా ఆ నెలలోనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి పంపేసిన అయిదుగురు విద్యార్థులు ఆరుబయట గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్ళలో గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల జనవరి 17న చనిపోయాడు.

మామూలు వాడకంలో మాత్రం మాట బాగా పలచబడింది. లాయర్లు విధులు బాయ్‌కాట్, పిల్లలు క్లాసులు బాయ్‌కాట్, ట్విట్టర్లో వారానికో సినిమా బాయ్‌కాట్. చేసేవాడికి పోయేదేమీ లేని పని. టికెట్ డబ్బులు కూడా మిగుల్తాయి. మేయో కూలీలు మాత్రం కోతల కాలంలో కూలి వదులుకున్నారు, చీరాల వాళ్ళు ఇళ్ళే వదులుకున్నారు.

చీరాల అంటే ఇంకోటి చెప్పాలి. దాని పక్కనే ఉన్న కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన తగాదా అది. మిగిలినవాళ్ళు ప్రాణాలు చేతబట్టుకుని చీరాలకి వచ్చి శిబిరంలో ఉన్నారు. 1921లో జనం వదిలి వెళ్ళిన ఊరే వీళ్ళకి దిక్కయింది. తర్వాత కారంచేడుకి తిరిగి రమ్మంటే వెళ్ళం అన్నారు. చీరాలలోనే విజయనగర్ కాలనీ కట్టించుకుని అక్కడే ఉండిపోయారు. తరతరాలుగా వెలివాడలో పెట్టిన ఊరిని ఈసారి వాళ్ళే వెలివేశారు.