వేల్సు కుటుంబముల వంశాన్వేషణము

వంశచరిత్ర యనగానే మనకు రాజవంశములు, శిలాశాసనములు, తామ్రపత్రములు స్ఫురించుట సహజము. సామాన్యునకు శాసనములు లేవు. అతని తాతముత్తాతలు దున్నిన పొలము, నేసిన బట్ట, కాపురమున్న ఇల్లు కాలగర్భమున కలిసిపోవును. అయినను కూలిపని చేసి బ్రతికిన కుటుంబములు సైతము తమ పూర్వులను ఎనిమిదితొమ్మిది తరముల వెనుకవరకు పేరుపేరున గుర్తింపగల దేశములు కొన్ని కలవు. బ్రిటన్ ద్వీపపు పడమటి కొండసీమయైన వేల్సు అట్టి దేశములలో ఒకటి. వేల్సు ప్రజలు ఒక పెద్దభాష ప్రక్కనే తమ చిన్నభాషను నిలుపుకొనుచు వచ్చినవారు; బ్రతుకుతెరువునకై ఊళ్లు విడిచి తరలినవారు. అందువలన వారు తమ పూర్వులను వెదకు పద్ధతి, తరతరములుగా పరభాషాప్రాంతములలో స్థిరపడిన మనకు ప్రత్యేకముగా ఆలోచింపదగినది.

వంశక్రమముపై మక్కువ వేల్సువారికి పూర్వమునుండియు కలదు. పన్నెండవ శతాబ్దాంతమున ఆ దేశమును వర్ణించిన గిరాల్డస్ అను మతాచార్యుడు, అచటి సామాన్యజనులు కూడ తమ పూర్వుల పేర్లను ఆరేడు తరముల వెనుకవరకు ఒప్పజెప్పగలరని వ్రాసెను. ఇందుకు కారణము కేవలము అభిమానము కాదు. హైవెల్ ద్దా రాజు పేర ప్రసిద్ధమైన ప్రాచీన న్యాయస్మృతి ప్రకారము భూమిహక్కు రక్తసంబంధమును బట్టి సంక్రమించెడిది. హత్య జరిగినపుడు చెల్లింపవలసిన పరిహారమును హంతకుని జ్ఞాతులందరును పంచుకొనవలసి యుండెను. ఎవరు ఎవరికి ఎన్నవ తరపు దాయాదియో తెలియకున్న వ్యవహారము నడువదు. మనకు భట్రాజులు వలె వారికి వంశావళులను చదువు కవులుండిరి. 1586లో లూయిస్ డూన్ అను కవి రాజముద్రాధికారుల ప్రతినిధిగా నియమితుడై, దేశమెల్ల తిరిగి పెద్దకుటుంబముల వంశావళులను సేకరించెను.

అయితే ఈ వంశావళులలో పేదల ఊసు లేదు. పేదల జాడ తీయబూనినవానికి మొదట ఎదురగు చిక్కు పేరులోనే యున్నది. పూర్వము వేల్సులో స్థిరమైన ఇంటిపేరు లేదు. కుమారుని పేరునకు తండ్రి పేరును 'అప్' లేక 'అబ్' అను మాటతో చేర్చి పిలిచెడివారు. 'కొడుకు' అని దాని భావము. పదునారవ శతాబ్దమున 1536, 1543 శాసనములచే వేల్సు ఇంగ్లండుతో ఏకమైన పిమ్మట ఇంగ్లీషు పద్ధతి ఇంటిపేర్లు పైవర్గములలో వ్యాపించెను. గ్రామసీమలలో మాత్రము పాతపద్ధతి పద్దెనిమిదవ శతాబ్దము వరకును, కొన్నిచోట్ల అటుపిమ్మటను సాగెను. 'అబ్ ఓవెన్' బోవెన్ ఆయెను. 'అప్ హైవెల్' పావెల్ ఆయెను. 'అప్ రీస్' ప్రైస్, 'అప్ హ్యూ' ప్యూ, 'అప్ హారీ' ప్యారీ ఆయెను. పెక్కుమందికి తండ్రిపేరే ఇంటిపేరుగ నిలిచిపోయెను. తండ్రుల పేర్లు కొన్నియే గనుక ఇంటిపేర్లును కొన్నియే మిగిలెను. జోన్స్, డేవిస్, విలియమ్స్, ఇవాన్స్, థామస్ అను ఐదారు పేర్లలో ఊళ్లకు ఊళ్లు ఇమిడిపోయినవి. ఒకే గ్రామమున పదిమంది జాన్ జోన్సులున్నచో, అందు మన పూర్వుడెవడు?

గ్రామస్థులు ఈ చిక్కును తమకు తోచినట్లు తీర్చుకొనిరి. మనిషిని అతని పొలము పేరుతోనో, ఇంటి పేరుతోనో, వృత్తితోనో జోడించి పిలిచిరి. చోటు పేరే వంశనామముగ స్థిరపడిన కుటుంబములును కొన్ని కలవు. చెన్నపట్నపు తెలుగువారు ఎరిగిన ఒక పేరు ఇందుకు నిదర్శనము. 1687 నుండి 1692 వరకు సెంట్ జార్జి కోటకు గవర్నరైన ఎలీహూ యేల్ వేల్సు వంశీయుడు. డెన్బీ మండలములోని 'యాల్' అను సీమపేరే వారి వంశనామమైనది. మన ఇంటిపేర్లలో పెక్కు ఊరిపేర్లైనట్లే యిది. ఆయన పాలనపై స్వార్జనాపరత్వపు ఆరోపణలు, బానిసల వ్యాపారపు మచ్చ యున్నవి. కాని మన ప్రస్తుతాంశమునకు ఆయన కుటుంబము మంచి ఉదాహరణము. 1680లో ప్రతిష్ఠితమైన కోటలోని సెంట్ మేరీ చర్చి వివాహపట్టికలో మొదటి నమోదు ఆయన వివాహమే. ఆయన పసికుమారుని సమాధి చెన్నపట్నముననే యున్నది. ఆయన సమాధియో, 1721లో మరణించిన పిమ్మట, వేల్సులోని రెక్సమ్ చర్చి ఆవరణలో వెలసెను. ఒక్క కుటుంబపు జాడలు రెండు ఖండములందలి చర్చి పుస్తకములలో చెదరియున్నవన్నమాట.

ఇక సామాన్యుల కథకు వత్తము. ఇంగ్లండు, వేల్సులలో జనాభా లెక్కలు 1801లో ఆరంభమై పదేండ్లకొకసారి సాగినవి. మొదటి నాలుగింటిలో తలలను లెక్కించుటయే ముఖ్యముగ నుండెను. 1841లో ప్రతి వ్యక్తి పేరును వ్రాయ మొదలిడిరి. ఆ యేటి పట్టికలను జాగ్రత్తగా చదువవలెను. పదునైదేండ్లు దాటినవారి వయస్సును ఐదు సంవత్సరముల మెట్టునకు దింపి వ్రాయవలెనని నియమము. నలువది నాలుగేండ్లవాడు నలువదేండ్లవాడుగ కనిపించును. జన్మస్థానమునకు, ఆ మండలముననే పుట్టెనా లేదా అను ప్రశ్న మాత్రమే యుండెను. 1851 నుండి పట్టిక చక్కబడినది. కుటుంబ యజమానికి గల బంధుత్వము, వయస్సు, వృత్తి, పుట్టిన పారిష్ పేరు దానిలో చేరినవి. ఈ పుస్తకములను నూరేండ్లు గోప్యముగ నుంచి అటుపై ప్రజలకు విప్పుదురు. 1921నాటి పట్టికలు 2022 జనవరిలో బయటికి వచ్చినవి. 1931నాటివి 1942లో అగ్నికి ఆహుతియైనవి. 1941లో యుద్ధము వలన లెక్కలే జరుగలేదు. కావున 1951నాటి పట్టికలు తెరువబడువరకు అచటి అన్వేషకులకు ముప్పది యేండ్ల వెలితి తప్పదు.

జన్మస్థానము వ్రాసిన ఆ ఒక్క గడి ఎంత ఉపకారము చేసెనో మెర్థిర్ టిడ్విల్ పట్టణమును చూచిన తెలియును. 1801లో అచటి జనసంఖ్య 7,705. ఇనుప కొలుముల మూలమున 1851 నాటికి అది 46,378 ఆయెను. పడమటి మండలములగు కార్మార్థెన్, కార్డిగన్ సీమల రైతుకూలీలు అచటికి గుంపులుగ తరలిరి. ఆ జనసమ్మర్దమున జాన్ జోన్స్ అను కార్మికుడొకడు మన పూర్వుడనుకొందము. పేరును పట్టుకొని వెదకిన అతడు దొరకడు. 1851 పట్టికలో అతని పేరు కెదురుగ కార్మార్థెన్ సీమలోని ఒక చిన్న పారిష్ పేరుండును. భార్యపేరు, పిల్లల పేర్లు, వారి వయస్సులు ఉండును. పెద్దబిడ్డ పల్లెలో పుట్టి, రెండవ బిడ్డ మెర్థిర్‌లో పుట్టియున్నచో, కుటుంబము ఊరు విడిచిన కాలము కూడ తేలును. ఇక ఆ పల్లెకుపోయి చర్చి పుస్తకములను తెరువవచ్చును.

చర్చి పుస్తకములు జనాభా లెక్కలకంటె చాల ప్రాచీనములు. బాప్తిస్మములు, వివాహములు, భూస్థాపనలు వ్రాసియుంచవలెనని 1538లో ఆజ్ఞ వెలువడెను. వేల్సులో అంతటి పాతపుస్తకములు మిగిలినవి అరుదు. ఏటేట బిషపునకు పంపిన నకళ్లు కొంత లోటును తీర్చుచున్నవి. అబరిస్ట్‌విత్‌లోని వేల్సు జాతీయ గ్రంథాలయమున అవి భద్రపరుపబడి యున్నవి. 1752కు పూర్వము సంవత్సరాది మార్చి 25న గనుక జనవరి, ఫిబ్రవరి తేదీలను చదువునపుడు ఏడాది తేడాను గుర్తుంచుకొనవలెను. 1813 నుండి భూస్థాపనలకు అచ్చువేసిన పుస్తకములు వచ్చినవి: పేరు, నివాసము, తేదీ, వయస్సు, సంస్కారము జరిపిన గురువు పేరు. ఇందు నివాసమను గడి అమూల్యము. అచట పొలము పేరో, ఇంటి పేరో వ్రాయబడి, పదిమంది జాన్ జోన్సులలో ఒకనిని వేరుపరచును. పాతనమోదులలో భార్య పుట్టింటి పేరుతోనే కనిపించుట వేల్సులో వాడుక. వివాహమైనంతమాత్రమున స్త్రీ తన తండ్రిపేరును వదలుకొనుట అచట ఆలస్యముగ వచ్చిన ఆచారము.

భూస్థాపన పట్టిక మాత్రమే చెప్పగల సత్యమొకటి కలదు. 1862లో పుట్టి 1868లో మరణించిన శిశువు పదేండ్ల లెక్కలలో ఎచటను కనబడడు. 1861లో వాడు పుట్టలేదు, 1871 నాటికి వాడు లేడు. పైగా చనిపోయిన బిడ్డపేరే తరువాతి బిడ్డకు పెట్టుట ఆ కాలపు ఆచారము. రెండు బాప్తిస్మములను చూచిన అన్వేషకుడు ఒక్కని వయస్సునే తారుమారు చేసికొను ప్రమాదమున్నది. సమాధి పుస్తకమే ఆ ముడిని విప్పును. 1911 పట్టికలో వివాహిత స్త్రీల విషయమున ఎందరు బిడ్డలు పుట్టిరి, ఎందరు జీవించియున్నారు, ఎందరు గతించిరి అను ప్రశ్నలు చేర్చిరి. ఆ సంవత్సరపు కాగితములు గృహస్థులు స్వహస్తముతో నింపినవే నేటికిని నిలిచియున్నవి. ఎనమండుగురు పుట్టి ఐదుగురు మిగిలిరని ఒక ముత్తవ్వ పేరిట వ్రాసియున్నచో, ఆ ముగ్గురి పేర్లు తెలియుటకు భూస్థాపన పుస్తకములు, 1837 జూలై 1 నుండి ఆరంభమైన ప్రభుత్వ మరణ నమోదులు తప్ప వేరు దారి లేదు. 1849లో విషూచి మెర్థిర్‌లో వేయిమందికి పైగా బలిగొన్నది. అట్టి యేడు పుస్తకమున పుటకు పుట ఒకే వేసవి తేదీలతో నిండియుండును.

మృతుడు చర్చి పుస్తకమున దొరకకున్న బెదరనక్కరలేదు. పంతొమ్మిదవ శతాబ్దమున వేల్సు ప్రజలలో అధికసంఖ్యాకులు ప్రభుత్వ చర్చిని వీడి, స్వభాషలో ప్రార్థనలు జరుగు చాపెళ్లలో చేరిరి. అయినను ఊరి శ్మశానము చర్చి అధీనముననే యుండెను. 1880నాటి శాసనము చాపెల్ పద్ధతిని అచట సంస్కారము జరుపుకొను హక్కును కల్పించెను. 1888లో లాన్‌వ్రోథెన్ గ్రామమున ఒక ముదుసలి రాతిగని కార్మికుడు తన కుమార్తె సమాధి ప్రక్కనే తన మతాచారముతో పూడ్చబడవలెనని కోరి మరణించెను. చర్చి గురువు నిరాకరించెను. డేవిడ్ లాయిడ్ జార్జి అను పాతికేండ్ల న్యాయవాది సలహాపై బంధువులు ద్వారమును త్రోసికొనిపోయి సంస్కారము జరిపిరి. వ్యాజ్యము లండనుకెక్కి కుటుంబమునకే జయము కలిగెను. ఆ న్యాయవాది 1916లో ప్రధానమంత్రి యాయెను. సమాధిపట్టికలో ఒక పంక్తికై పేదలు ఎంత పోరాడిరో ఈ యుదంతము తెలుపుచున్నది.

1891లో వేల్సు పట్టికలో భాషాప్రశ్న మొదటిసారి చేరెను: వేల్సు భాషయా, ఇంగ్లీషా, రెండునా? నూటికి 54 మంది వేల్సు భాష వచ్చినవారుగ తేలిరి. 1911 నాటికి అది 44కు దిగెను. 2021లో 18కి లోబడెను. ఈ సంఖ్యలకంటె ఒక్కొక్క ఇంటి పుట మనస్సును కదలించును. ఒకే కప్పుక్రింద అవ్వ పేరు కెదురుగ 'వేల్సు', తండ్రికి 'రెండును', మనుమనికి 'ఇంగ్లీషు' అని వ్రాసియున్న ఇండ్లు కనబడుచున్నవి. భాష ఇల్లు విడిచిన తరమేదో ఆ మూడు పంక్తులలోనే తెలియుచున్నది.

ఊరు విడిచినవారి జాడను చాపెళ్లు కాపాడినవి. లివర్‌పూల్ వంటి ఇంగ్లీషు నగరములలో స్థిరపడిన వేల్సువారు తమ చాపెళ్లను కట్టుకొని, సభ్యుల పేర్లను, చిరునామాలను, చందాలను వార్షిక నివేదికలలో అచ్చువేసిరి. సభ్యుడు ఊరు మారినచో పాత చాపెల్ పరిచయపత్రమిచ్చెడిది. వారి జాతీయ సాహిత్యోత్సవమగు ఐస్టెద్వొడ్ 1884, 1900, 1929లలో లివర్‌పూల్‌లోనే జరిగినది. చందాల లెక్కకై వేసిన ఆ చిన్నపుస్తకములు నేడు మనుమల మనుమలకు ఆధారములైనవి.

ఇక మన స్థితి యేమి? మన జనాభా లెక్కలలో మాతృభాష వ్రాయించుకొందురు. కాని 1948నాటి చట్టము ప్రకారము ఆ కాగితములను తనిఖీచేయు హక్కు ఎవరికిని లేదు. నూరేండ్లైనను మన మనుమలు అందు మన పేరును చూడజాలరు. దహనసంస్కారము పాటించు కుటుంబములకు సమాధిశిలయు లేదు. యానామున ఫ్రెంచివారి కాలపు పౌరపట్టికలు, కాశీ గయలలో తీర్థపురోహితుల వహీలు, ఊరి ఈనాము దాఖలాలు కొందరికి తోడ్పడును. తక్కినవారికి ఇంటిపేరే ఆధారము. వేల్సువారు తండ్రిపేరును విడిచి ఇంటిపేరునకు వచ్చిరి. తమిళసీమలో, కన్నడసీమలో మనవారు పెక్కురు ఇంటిపేరును విడిచి తండ్రిపేరు తొలి అక్షరమునకు వచ్చిరి. ఊరిపేరును మోసికొనివచ్చిన ఇంటిపేరు ఆ ఒక్క అక్షరముతో మాసిపోవుచున్నది. మన స్త్రీల పుట్టింటి పేర్లు అంతకుముందే మరుగగుచున్నవి.

కావున వేల్సు లెక్కలగుమాస్తా మనకై వ్రాయని పట్టికను మనమే వ్రాసికొనవలెను. ఇంటిపేరు, గోత్రము, పూర్వులు వదలివచ్చిన ఊరు, కాపురమున్న వీథి, తల్లి పుట్టింటి పేరు, పసితనమున గతించిన బిడ్డల పేర్లు, ఇంట ఎవరెవరు ఏ భాష మాట్లాడుదురు అను ఏడు గడులు చాలును. ముసలివారు చెప్పగలిగియుండగనే వ్రాయవలెను. సంఘముల సభ్యత్వ పుస్తకములలో పేరు ప్రక్కన పొడి అక్షరమునకు బదులు పూర్తి ఇంటిపేరు వ్రాయవలెను. జనాభా లెక్కలవాడు వాకిట నిలిచి మాతృభాష యేదని యడిగినపుడు సంకోచింపక తెలుగని చెప్పవలెను. ఆ కాగితమును మన మనుమలు చూడలేకపోయినను, ఆ సంఖ్యలో మన ఇల్లు చేరియుండును. వారు చూడగల కాగితమును మన ఇంటి పెట్టెలో మనమే యుంచవలెను.