కొట్టం

కొట్టం: నేలలో పాతిన గుంజలే కప్పు బరువంతా మోసే ఇల్లు లేదా పశువుల పాక. జడ్చర్ల చుట్టుపక్కల పాలమూరు పల్లెల్లో మనుషులుండే చోటుకూ, ఎద్దులను కట్టేసే చోటుకూ ఇదే మాట చెల్లింది. గోడ మరుగు కోసమే. కంది కట్టెతో తడిక అల్లి మట్టి మెత్తినా, ఆ తడికను ఊడదీసినా కప్పు కదలదు.

ఈ ప్రాంతంలో గుంజ పాతడం ఎంత పాతదో ఉట్నూరు బూడిద దిబ్బ చెబుతుంది. జడ్చర్లకు దక్షిణంగా, కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ చోట 1957లో పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వకాలు జరిపాడు. నాలుగు వేల ఏళ్లకు పైబడిన పశువుల దొడ్డి బయటపడింది. దాని చుట్టూ మొద్దులు పాతిన గుంతలు వరుసగా కనిపించాయి, పశువుల గిట్టల అచ్చులు కూడా నేలలో నిలిచి ఉన్నాయి. దొడ్డి కాలిపోయిన ప్రతిసారీ అదే చోట మళ్లీ కట్టారు. కర్ర మిగలలేదు, గుంత మిగిలింది. జడ్చర్ల దగ్గర అల్వాన్‌పల్లిలో ఇటుకలతో కట్టిన జైనుల గొల్లత్త గుడి శతాబ్దాలుగా నిలిచి ఉంది. దాని నీడన బతికిన జనం ఇళ్లు మాత్రం నిలవలేదు. కొట్టం చరిత్ర రాయడంలో కష్టం ఇక్కడే ఉంది.

పని గుంజను ఎంచుకోవడంతో మొదలవుతుంది. పైన చీలిన పంగ ఉన్న కర్ర అయితే దూలం అందులో కూర్చుంటుంది, మేకు అక్కర్లేదు. నడుమ ఎత్తుగా నిట్టాళ్లు, పక్కలకు పొట్టి గుంజలు, వాటిమీద వాసాలు, అడ్డంగా వెదురు, ఆపైన బోదగడ్డో ఈతకమ్మలో. చెదలు పట్టేది నేలకు ఆనే చోటే కాబట్టి గుంజ అడుగును నల్లబడేదాకా కాల్చి పాతుతారు. గడ్డిని కొన్నేళ్లకోసారి మార్చాలి, పుచ్చిన గుంజనూ మార్చాలి. ఇల్లు కొంచెం కొంచెంగా కొత్తదవుతూ పోతుంది. ప్రభుత్వ లెక్కల్లో దీన్ని ‘కచ్చా’ ఇల్లంటారు. ఇంత తెలివైన పనికి ఆ మాట తగదు.

దూరదేశంలోనూ ఇదే ఉపాయం తట్టింది. 1930లలో అమెరికాలో హోవార్డ్ డోన్, బెర్నాన్ పెర్కిన్స్ నేలలో స్తంభాలు పాతి, రేకులు కప్పి, చవకగా పశువుల పాకలు కట్టే పద్ధతిని రూపొందించారు. ఇప్పుడు అలాంటి కట్టడాల్లో మనుషులూ కాపురముంటున్నారు.

పాలమూరులో మార్పు మరో దారిన వచ్చింది. 1946లో హైదరాబాదులో మొదలైన సంస్థ చేసిన చార్మినార్ సిమెంటు రేకులు క్రమంగా పల్లెలకు చేరాయి. కర్ర గుంజల చోట రాతి కడీలు నిలిచాయి. రాయికి చెద భయం లేదు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2006లో ఇందిరమ్మ ఇళ్లు వచ్చాక గడ్డి కొట్టాలు పల్చబడ్డాయి. గడ్డి ఇంటికి నిప్పు భయం ఎంతో తెలిసినవాళ్లు దాన్ని వదిలేయడంలో తప్పు లేదు.

ఇప్పుడు ఇనుప పైపులను కాంక్రీటు గుంతలో నిలిపి, రేకులు బిగించిన షెడ్డే ఆ వరుసలో తాజాది. గడ్డి కప్పు చల్లన, రేకు వేడి. గడ్డికి బరువుంది, రేకును గాలి లేపుతుంది. అందుకే జె హుక్కులు బిగించాక కూడా చాలామంది రేకుల మీద బండరాళ్లు పెడతారు, ఎండాకాలం రాగానే వాటిపైన జొన్న చొప్ప పరుస్తారు.