కందకములలో కవులు

మన ఆలంకారికులు మహాకావ్యమునకు విధించిన అష్టాదశ వర్ణనలలో యుద్ధమొకటి. అయితే ఆ వర్ణనలలో మిక్కుటముగ వినబడునది వీరుల సింహనాదమే. సామాన్య సైనికుని గుండెదడ అరుదుగ వినవచ్చును. ఆ గుండెదడనే కవితావస్తువుగ గైకొన్నవారు 1914-18 నాటి మొదటి ప్రపంచయుద్ధమున పోరాడిన కొందరు ఆంగ్ల యువకులు.

యుద్ధారంభమున వారి కవిత్వము పాతబాటనే నడచెను. రూపర్ట్ బ్రూక్ తన సానెట్లలో స్వదేశమునకై మరణించుటను పవిత్రకార్యముగ కీర్తించెను. గలిపోలీ రణరంగమును చేరకమునుపే, 1915 ఏప్రిల్ 23న, రక్తము విషపూరితమై ఆయన మరణించెను. దానికి ముందురోజుననే బెల్జియములోని ఈప్ర్ వద్ద జర్మను సేనలు క్లోరిన్ వాయువును వదలినవి. 1916 జూలై 1న సోమ్ నది ప్రాంతమున ఒక్క దినములో బ్రిటిషు సైన్యమునకు 57,000 మందికి పైగా నష్టమైరి. అందు మృతులే సుమారు 19,000 మంది. ఇట్టి యుద్ధమును చెప్పుటకు పాత పలుకుబడి చాలకపోయెను.

కందకములోని సైనికునికి శత్రువు కనబడుట అరుదు. కనబడునవి బురద, ఎలుకలు, ముండ్లతీగెలు. దినముల తరబడి నీట నానిన పాదములు కుళ్లిపోయెడివి. ఇంటికి వ్రాసిన ఉత్తరములను అధికారులు చదివిన పిమ్మటనే పంపెడివారు. కనుక చెప్పరాని మాటలకు కవిత్వమే దిక్కాయెను. సామాన్య సిపాయియైన ఐజాక్ రోజెన్‌బర్గ్ ఒక కవితలో, ఇరుపక్షముల కందకములకును నిరాటంకముగ తిరుగు ఎలుకను చూపించెను. మనుష్యునికి లేని స్వేచ్ఛ ఎలుకకు కలదన్న ఊహయొక్కటే సైనికుని దైన్యమును కన్నులకు కట్టించును. 'భయపడితిని' అని కవి వేరుగ చెప్పనక్కరలేదు.

విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1917 జనవరిలో రణరంగమునకు చేరెను. కొన్ని నెలలకే మనస్సు చెదరి, ఎడింబరో సమీపమందలి క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక వైద్యశాలకు వచ్చెను. యుద్ధమును నిరసించుచు ప్రకటన చేసిన సీగ్‌ఫ్రీడ్ ససూన్ కవిని కూడ అచటికే పంపిరి. ససూనుకు చికిత్స చేసిన డాక్టర్ రివర్స్, మన నీలగిరులలోని తోడవారిని గూర్చి 1906లో గ్రంథము ప్రకటించినవాడు. భయమును బలవంతముగ అణచుకొన్నచో పీడకలలు హెచ్చునని ఆయన భావించెను. ఓవెన్ తన పద్యములలో దేనిని అణచుకొనలేదు. విషవాయువు క్రమ్మినపుడు ముసుగు తొడుగుకొన జాగుచేసిన తోటి సైనికుని చావు ఆయన ప్రసిద్ధ కవితకు వస్తువు. దేశమునకై మరణించుట మధురమన్న రోమను కవి హొరేసు మాటలనే శీర్షికగ నుంచి, అవి అసత్యములని తేల్చెను.

ఆయన భయమును ఛందస్సులోను పలికించెను. ఇంగ్లీషు అంత్యప్రాసలో అచ్చు కలియవలెను. ఓవెన్ హల్లులను నిలిపి అచ్చును మార్చెను. మన ప్రాసలో హల్లు కలిసిన చాలును గనుక మనకిది వింత కాదు. ఇంగ్లీషు చెవికి మాత్రము కాలు మోపినచోట నేల క్రుంగినట్లుండును.

భయమును వ్రాసినవాడు పిరికివాడు కాడు. ఓవెన్ 1918లో మరల రణరంగమునకు పోయి, మిలిటరీ క్రాస్ పతకమునకు అర్హుడాయెను. నవంబరు 4న, సంధికి ఏడు దినముల ముందు, సాంబ్ర్ కాలువ వద్ద మరణించెను. ఆ వార్త తల్లికి నవంబరు 11న, గంటలు విజయమును చాటుచున్న వేళ అందెను. 1920లో ఆమె రవీంద్రనాథ టాగూరునకు లేఖ వ్రాసెను. తుది వీడ్కోలునాడు కుమారుడు తనతో పలికిన గీతాంజలి వాక్యములు, క్రింద టాగూరు పేరుతో సహా, అతని జేబుపుస్తకమున దొరికినవని తెలిపి, ఆ పద్యము ఏ గ్రంథములోనిదని అడిగెను. ఒక సైనికుని భయము, ఒక తల్లి శోకము ఆ విధముగ మన దేశపు కవి గడపను చేరినవి.